ముక్కుగారి పక్క కుర్చీ

“పాలు మాడి గిన్నె నల్లబడి, వంటిల్లంతా పొగ కమ్మేస్తే, పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని పేపరు చదువుకునే మనిషిని ఏమనాలి?” అంది అత్తగారు.

ఆ మనిషి మామగారే. ఆయన పేపరు పేజీ తిప్పారు.

“మిమ్మల్నే అడుగుతున్నాను.”

“చూశాను. నువ్వు వస్తున్నావు కదా అని ఊరుకున్నాను.”

“నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. అక్కడిదాకా వచ్చింది వాసన. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఏం తగలబడుతోందని అడిగింది.”

మామగారు ఇంకో పేజీ తిప్పారు. అది ఆఖరిది. తిప్పడానికి ఇంకేం మిగలక పేపరు మడిచి, నా వైపు చూడకుండా లేచి ఇంటి ముందున్న మా కొట్లోకి వెళ్ళిపోయారు.

అత్తగారు గిన్నె అడుగున మాడు గీకుతూ గొంతు తగ్గించింది. “ఈయనకి మతిమరుపు వస్తోందేమోనే పిల్లా. నాకు భయంగా ఉంది.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది మతిమరుపు కాదని నాకు తెలుసు. చెప్పనని మాటిచ్చాను. చెప్పకపోతే ఈవిడ దిగులు, చెబితే ఆయన పరువు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటి మధ్యా మూడు వారాలుగా నేనే ఉన్నాను.

మా మామగారిని ఈ వీధిలో ఎవరూ పేరుపెట్టి పిలవరు. ముక్కుగారు అంటారు. మా వైన్ కొట్లో, తలుపు తీయగానే ఎదురుగా ఒక చెక్క అర ఉంటుంది. ఏడాదికోసారి పన్నెండు రకాల రెడ్ వైన్‌లు రుచి చూసి, అందులో మంచిదాన్ని ఆ అరలో పెడతారు. అన్నీ చవకవే, మామూలు ఇంట్లో మామూలు రోజున తెరవగలిగినవే. అర మీద ఆయన చేతిరాతతో ఒక కార్డు: “ముక్కుగారు బాగుందన్నారు.” అంతే. జనానికి ఆ రెండు మాటలు చాలు, ఏడాది పొడుగునా అదే కొంటారు.

అలాంటి మనిషికి మూడు వారాల కిందట జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం పోతూ పోతూ ముక్కులో వాసన కూడా పట్టుకుపోయింది. ఇప్పుడు ఆయన ముందు వెల్లుల్లి నూరినా ఒకటే, గుప్పెడు పూలు పెట్టినా ఒకటే. ఈ సంగతి డాక్టరుకి తెలుసు, ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళిన నాకు తెలుసు. ఇవాళ పదిగంటలకి వైన్‌ల పరీక్ష.

“వాయిదా వెయ్యండి మామయ్యా,” అన్నాను నాలుగు రోజుల కిందట.

“వేస్తే ఎందుకని అడుగుతారు. తెలిస్తే ఆ కార్డు నేనే పీకేస్తాను. ఇంక ఆ కుర్చీలో కూర్చోను. ముక్కు లేని ముక్కుగారని జనం నవ్వుతుంటే చూడలేను.”

“అయితే ఏం చేద్దామని?”

ఆయన ఉపాయం విని నేను ముక్కున వేలేసుకున్నాను. పక్క కుర్చీలో నేను కూర్చోవాలట. నేను వాసన చూసి బల్ల కింద కాలితో ఆయన కాలు తట్టాలట. ఒక తట్టు అంటే పండు వాసన. రెండు అంటే వైన్ నిలవుంచిన చెక్కపీపా వాసన. మూడు అంటే చెడిపోయింది.

“ఇది మోసం,” అన్నాను.

“మోసం కాదు. అరువు. నీ ముక్కు ఒక్క పూట అరువిమ్మంటున్నాను.”

మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నిన్న రాత్రి కంచం ముందు కూర్చుని, వాసనే తెలియని తిండి మాటా పలుకూ లేకుండా తింటుంటే చూడలేకపోయాను. “సరే,” అన్నాను. నా బలహీనత అదే.

*

కొట్టు వెనక గదిలో పొడుగు బల్ల మీద తెల్ల కాగితం పరిచాం. రంగు సరిగ్గా కనపడాలంటే కింద తెలుపు ఉండాలి. ఒక్కొక్కరికీ గ్లాసులు, మంచినీళ్ళు, రొట్టె ముక్కలు, రుచి చూసింది మింగకుండా ఉమ్మడానికి ఒక గిన్నె. మధ్యలో వరసగా పన్నెండు సీసాలు. వాటికి అత్తగారు ఎప్పుడో అల్లిన ఉన్ని తొడుగులు. లేబులు కనపడకుండా మెడదాకా వచ్చే పొడుగు మేజోళ్ళలాంటివి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. ఏ సీసా ఏ ఊరిదో, ధర ఎంతో, ఆవిడ ఒక చీటీలో రాసి కవరులో పెడుతుంది. ఆవిడ పని అంతవరకే. నలభై ఏళ్ళలో ఆ బల్ల దగ్గర ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ముందు చిన్నమామగారు వచ్చారు. మామగారి తమ్ముడు, స్టేషను వీధిలో మాకన్నా మూడింతల కొట్టు ఆయనది. అన్నగారంటే ప్రాణం, అన్నగారి అర మీదే కన్ను. తర్వాత మూల మీద బేకరీ నడిపే రొట్టెలాయన, చేతుల పిండి ఇంకా దులుపుకుంటూనే. చివరికి టీచరమ్మ. రిటైరై పదేళ్ళయినా అర మార్కు కూడా ఊరికే వెయ్యదు.

“నియమాలు తెలుసు కదా,” అన్నారు మామగారు గంభీరంగా. “అందరూ రాసేదాకా మాట్లాడకూడదు. మార్కులు ఎన్నేసినా ఆఖరి ప్రశ్న ఒక్కటే లెక్క. రెండో గ్లాసు అడుగుతామా, అడగమా?”

మొదటి సీసా వంచాను. అందరం గ్లాసులు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాం.

గులాబీ. పండూ కాదు, చెక్కా కాదు. గులాబీ సబ్బు. స్నానాలగదిలోకి వచ్చినట్టుంది.

తలెత్తి చూశాను. రొట్టెలాయన మొహం అదోలా పెట్టి మళ్ళీ వాసన చూస్తున్నాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి గ్లాసులోకి చూస్తోంది. మామగారు నా తట్టు కోసం ఎదురుచూస్తున్నారు.

సబ్బుకి మేం తట్టు పెట్టుకోలేదు. ఏం చెయ్యను? మూడు తట్టాను. చెడిపోయింది. మామగారు తలపంకించి రాసుకున్నారు.

రెండో సీసా. మళ్ళీ గులాబీ. మళ్ళీ మూడు తట్టాను.

మూడో సీసాకి కూడా మూడు తట్టేసరికి ఆయన నా వైపు చురుగ్గా చూశారు. మొన్నటి పోట్లాటకి కసి తీర్చుకుంటున్నాననుకున్నారు. బల్ల కింద నన్నొక తన్ను తన్నబోయారు. అది వెళ్ళి టీచరమ్మకి తగిలింది.

“ఎవరది?” అంది టీచరమ్మ.

“క్షమించాలి. కాలు తిమ్మిరెక్కింది,” అన్నారు మామగారు. ఆ తర్వాత ఇంక నన్ను నమ్మలేదు. సొంతంగా రాయడం మొదలుపెట్టారు.

మూడు సీసాలయ్యాక అలవాటు ప్రకారం చదవాలి. ముందు పెద్దాయన. మామగారు కాగితం ఎత్తిపట్టుకున్నారు.

“మొదటిది పాడైంది. రెండోదీ పాడైనట్టే ఉంది. మూడోది మాత్రం మంచిది. నల్లద్రాక్ష వాసన బాగా పలికింది. వెనక కొంచెం ఎండిన ఆకు, తడిసిన మట్టి. కొండవాలు తోటలది అయ్యుంటుంది.”

రొట్టెలాయన తన కాగితం బోర్లించాడు.

“అన్నయ్యా,” అన్నారు చిన్నమామగారు మెల్లగా. “సబ్బు వాసన రాలేదా నీకు?”

“సబ్బేమిటి?”

“మూడింటికీ గులాబీ సబ్బు వాసన. గదంతా అదే. నీకు తెలియట్లేదా?”

మామగారు గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు పెట్టుకున్నారు. తర్వాత దింపేశారు.

గుమ్మంలో రొట్టె పళ్ళెంతో అత్తగారు నిలబడి ఉంది.

“నేనే ఉతికాను,” అంది. “తొడుగుల మీద పాత మరకలున్నాయని, పదిమందీ వచ్చే చోటని, నిన్న ఉతికి ఆరేశాను. గ్లాసులు తుడిచే గుడ్డలు కూడా. పుట్టినరోజుకి కోడలు ఇచ్చిన సబ్బు. మంచి సబ్బని.” పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఆవిడ చూపు మామగారి మీదే ఉంది. మాడిన పాలు కూడా అప్పుడే గుర్తొచ్చి ఉంటాయి. “ఎన్నాళ్ళయింది?”

ఆయన గ్లాసు దూరంగా జరిపారు.

“ఏమండీ. ఎన్నాళ్ళయింది?”

“మూడు వారాలు.”

“జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ.”

“అవును.”

“మూడు వారాలుగా నేను పెట్టిందల్లా బాగుంది బాగుంది అంటుంటే, ఈయనకి నా మీద ప్రేమ పెరిగిందేమో అనుకున్నాను,” అంది అత్తగారు.

రొట్టెలాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మామగారు నవ్వలేదు. కుర్చీ వెనక్కి నెట్టి లేచారు.

“ఎక్కడికి?”

“కార్డు తీసెయ్యడానికి.”

“అన్నయ్యా, నువ్వు తొందరపడకు,” అన్నారు చిన్నమామగారు. అంటూనే సర్దుకుని కూర్చున్నారు. “ఈ ఒక్క యేడూ నేను రాస్తాను. మన ఇంటి మాటేగా. నీ ముక్కు బాగయ్యాక మళ్ళీ నువ్వు.”

“బాగవుతుందో లేదో డాక్టరుకే తెలియదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.”

“మీరు కూర్చోండి,” అంది అత్తగారు.

“ముక్కు లేనివాడు కూర్చుని ఏం చేస్తాడు?”

“ముక్కు పోతే పోయింది. నాలుక ఎక్కడికీ పోలేదు. పొద్దున పాల గురించి నాతో ఎలా బొంకిందో చూశాను.”

ఈసారి టీచరమ్మ కూడా నవ్వింది. మామగారు నిలబడే ఉన్నారు. అత్తగారు వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. నలుగురిలో ఆవిడ అలా చెయ్యెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

“పులుపు తెలుస్తోందా?”

“తెలుస్తోంది.”

“వగరు? చేదు? తీపి?”

“అవన్నీ తెలుస్తున్నాయి. వాసనే లేదు.”

“అయితే ఆ సగం మీరు చూడండి. మిగతా సగం నేను చూస్తాను. లేవే పిల్లా.”

నేను లేచాను. ఆవిడ నా కుర్చీలో కూర్చుంది.

“వదినా, నువ్వెప్పుడూ చూడలేదు కదా,” అన్నారు చిన్నమామగారు. “అదీకాక సీసాలు కట్టింది నువ్వే. ఏది ఏదో నీకు తెలుసు. ఇదెక్కడి న్యాయం?”

“కోడలు మళ్ళీ కడుతుంది. కలిపేసి కడుతుంది. ఇంక నీ అభ్యంతరం ఏమిటి మరిదీ? నా ముక్కు మీద కోపం ఉంటుందని మీ అన్నయ్య నలభై ఏళ్ళుగా చెబుతున్నారు. ఇంకేమైనా ఉంటుందేమో ఇవాళ చూద్దాం.”

చిన్నమామగారు చేతులెత్తేశారు. నిజం చెప్పాలంటే ఆయన మొహంలో కూడా నవ్వే ఉంది.

*

రొట్టెలాయన బేకరీకి పరుగెత్తి ఖాకీ కాగితపు సంచులు తెచ్చాడు. గ్లాసులన్నీ వేణ్ణీళ్ళతో కడిగి, తుడవకుండా కిటికీలో బోర్లించాం. నేను సీసాల తొడుగులు తీసి, ఒక్కదాన్నే కొట్లో కూర్చుని, వరస మార్చి సంచులు చుట్టి కొత్త అంకెలేశాను. తొడుగులన్నీ గది అవతల కిటికీలో గాలికి పడేశాను.

మళ్ళీ గదిలోకి వస్తుంటే మామగారు నాతో గుసగుసగా, “సబ్బుకి నాలుగు తట్లు అనుకుని ఉండాల్సిందమ్మాయ్,” అన్నారు. మూడు రోజుల మౌనం అలా తీరింది.

మళ్ళీ మొదలుపెట్టాం. నేను వంచడం, వాళ్ళు చూడడం. మొదటిది నది లోయ నుంచి వచ్చింది.

అత్తగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. “చాలారోజులు మూసిన చెక్కపెట్టె తెరిచినట్టుంది. లోపల ఎవరో రెండు పండ్లు పెట్టి మర్చిపోయారు.”

అందరూ ఆగిపోయారు. మామగారు ఆవిడకేసి చూసి, ఒక గుక్క తీసుకుని, నోరంతా తిప్పి ఉమ్మారు. “పలచన. పులుపు ముందుకొస్తోంది. వగరు తక్కువ. తిండి లేకుండా ఒట్టిగా తాగడానికి బాగుంటుంది.”

“రెండో గ్లాసు?”

“అడగను,” అన్నారిద్దరూ.

ఎండ మైదానాల నుంచి వచ్చినదాన్ని వాసన చూసి, “దగ్గుమందు,” అంది అత్తగారు. రొట్టెలాయన సరిగ్గా అదే రాశానని కాగితం చూపించాడు. సముద్రం పక్క తోటలదాన్ని, “ఉప్పుగాలిలో ఆరేసిన తువ్వాలు,” అంది. అందులో వగరు పళ్ళకి అంటుకుపోతోందని, ఇంకో రెండేళ్ళు సీసాలో పడుకోవాలని అన్నారు మామగారు.

ఐదోదాని దగ్గర పోట్లాట వచ్చింది.

“ఇది బాగుంది,” అంది అత్తగారు. “కమ్మగా ఉంది. పొయ్యి మీంచి అప్పుడే దింపిన పండ్ల పాకంలా.”

“బాగాలేదు,” అన్నారు మామగారు.

“నాకు బాగుంది అంటున్నాను కదా.”

“వాసన బాగుంటే సరా? నోట్లో నిలవట్లేదు. గుమ్మంలో తియ్యగా పలకరించి, పని చెప్పగానే జారుకునే చుట్టంలా ఉంది.”

“మీరు తిరగేసి చెప్పాలని చెబుతున్నారు.”

“నువ్వొక్క గుక్క తాగి చూడు.”

ఆవిడ తాగింది. రెండు క్షణాలాగి, “నిజమే,” అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నోట ఆ మాట రావడం మామగారికి కొత్త. గ్లాసు కింద పెట్టడం మర్చిపోయి కూర్చున్నారు.

తర్వాత విప్పి చూస్తే ఆ ఐదోది నిరుడు అరలో పెట్టినదే. మామగారు తల గోక్కున్నారు. “ఇన్నేళ్ళూ నా ముక్కు నన్నే బోల్తా కొట్టిస్తూ వచ్చిందేమో.”

“నేను పదేళ్ళుగా చెబుతున్నది అదే అన్నయ్యా,” అన్నారు చిన్నమామగారు, సంతోషం దాచుకోకుండా.

ఏడోది వంచాను. ఆ సీసా సంగతి ఒక్క నాకే తెలుసు.

అత్తగారు వాసన చూసింది. మళ్ళీ చూసింది. పోలికలేవీ చెప్పలేదు.

“ఏంటి?” అన్నారు మామగారు.

“ఇది నాకు తెలుసు.”

“ఎలా తెలుసు?”

“తెలీదు. ఆదివారం మధ్యాహ్నంలా ఉంది. అందరూ ఇంట్లోనే ఉన్నట్టుంది.”

ఆయన తాగారు. ఈసారి ఉమ్మలేదు, మింగారు. “పులుపు, వగరు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నాయి. ఏదీ ముందుకి తోసుకురావట్లేదు. మింగాక కూడా ఉంది. ఇంకా ఉంది.”

“రెండో గ్లాసు?” అంది టీచరమ్మ.

అత్తగారు గ్లాసు నా ముందుకి జరిపింది. మామగారూ జరిపారు. అడగడం కూడా లేదు.

పన్నెండూ అయ్యాయి. మార్కులు కూడాం. ఏడోదానికి టీచరమ్మ కూడా ఇరవైకి పద్దెనిమిదిన్నర వేసింది. సంచి చింపాను.

అత్తగారు లేబులు చూసి నోరు తెరిచింది. “ఇది నా వంటింటి సీసా.”

నిజమే. ఎర్రమట్టి పీఠభూమిలో ఎవరో రైతులు కలిసి తీసే వైన్. అన్నిట్లోకీ చవక. ప్రతి ఆదివారం మాంసం ఉడికేటప్పుడు ఆవిడ కుండలో ఒంపేది అదే. నిన్న సాయంత్రం పన్నెండు సీసాల్లో ఒకటి నా చేతిలో జారి పగిలింది. లెక్క తగ్గకూడదని పోపుల అర మీంచి ఇది తెచ్చి వరసలో పెట్టాను. అప్పటికే ఆవిడ చీటీ రాసి కవరులో పెట్టేసింది, పగిలినదాని తొడుగు నేనే దీనికి వేశాను.

“చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం,” అంది టీచరమ్మ.

“ఇన్నేళ్ళు ఇది కుండలో పోశాను,” అంది అత్తగారు. “ఒక్క గుక్క కూడా తాగలేదు.”

“నేను నలభై ఏళ్ళుగా వంటింట్లో ఏముందో తలెత్తి చూడలేదు,” అన్నారు మామగారు. ఆ మాట సీసా గురించే అన్నారో, ఇంకేదాని గురించో నేను అడగలేదు.

*

కొత్త కార్డు రాయాలి. మామగారు పెన్సిలు తీసుకుని, కొంచెంసేపు ఆలోచించి, అత్తగారి ముందు పెట్టారు.

“నేనా?”

“నువ్వే.”

ఆవిడ గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాసింది: “బాగుంది. రెండో గ్లాసు అడిగాం.” చిన్నమామగారు చదివి, “మా కొట్లో పెట్టడానికి కూడా ఒకటి రాసివ్వు వదినా,” అన్నారు. నాకు తెలిసి ఆయన ఈ ఇంట్లో ఓడిపోయి ఇంత హుషారుగా ఉన్నది ఇవాళే.

“అయితే ఒక మాట,” అంది అత్తగారు బల్ల సర్దుతూ. “ఈయన ముక్కు వచ్చేదాకానే నేను కూర్చునేది. వచ్చాక ఆయన కుర్చీ ఆయనది, నా వంటిల్లు నాది. వచ్చే నెల్లో తెల్ల వైన్‌ల పరీక్ష నాటికి వచ్చేస్తే నన్ను పిలవకండి.”

మామగారి ముందు కాగితం మీద కొంచెం వైన్ ఒలికింది. ఆవిడ అవతల కిటికీలో పడున్న ఉన్ని తొడుగొకటి తెచ్చి, ఆయన మీంచి వంగి, ఆయన గడ్డం కిందుగా గబగబా తుడిచింది.

మామగారు కదలకుండా అయిపోయారు.

ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. మళ్ళీ కదిలాయి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి నాకు కంగారు పుట్టింది. బల్ల పక్కనే నిలబడి ఉన్నానేమో, కింద నా కాలికి ఏదో తగిలింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నేను ఆయన మొహంలోకి చూశాను. చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. ఆయన నన్ను చూసి, ఎవరికీ కనపడకుండా, అడ్డంగా తల ఊపారు. చెప్పకు.

“ఏంటలా ఉన్నారు?” అంది అత్తగారు.

“ఏం లేదు. తెల్లవాటికి నువ్వు లేకపోతే కష్టం అనుకుంటున్నాను. ఈ ముక్కు ఎప్పుడొస్తుందో ఏమో.”

“డాక్టరు నిజంగా ఏమన్నాడు?” ఆవిడ తొడుగు మడిచి నా వైపు తిరిగింది. “ఈయన మాట నేను నమ్మను. నువ్వు చెప్పవే పిల్లా. వస్తుందా, రాదా?”

అందరూ నా వైపే చూశారు. బల్ల కింద మామగారి కాలు నా కాలి మీద గట్టిగా నొక్కుతోంది.